డిక్కీలో ఉండిపోయిన తాళాలు

మార్చి నెలాఖరులో ఒక ఆదివారం, శ్రీకాకుళంలో ఉంటున్న మా పిన్నిని శ్రీకూర్మం తీసుకువెళ్లి, దర్శనం అయ్యాక అటునుంచి అటే శాలిహుండం చూపించి, కళింగపట్నం సముద్రం ఒడ్డున భోజనాలు కానిచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరుకోవాలని బయలుదేరాము. మాతో మా బావగారు, అంటే పిన్ని అల్లుడు, కూడా ఉన్నారు. శ్రీకూర్మం వరకూ అంతా అనుకున్నట్టే జరిగింది. శాలిహుండంలో, 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించి లోకానికి తెలియజేసిన బౌద్ధ స్తూపాలున్న ఆ కొండ కింద, నీడ చూసి కారు నిలిపి, తలుపులన్నిటికీ తాళం వేసి, కొండ ఎక్కేముందు మంచినీళ్లు తీసుకుందామని డిక్కీ తెరిచాను. సీసాలు రెండు చేతులతోనూ పట్టుకోవలసి రావడంతో తాళాల గుత్తిని క్యారియర్ పక్కన పెట్టాను. మోచేత్తో డిక్కీ మూత వేశాను. ఆ మూత పడిన చప్పుడు చెవిన పడుతుండగానే నేను చేసిన పని ఏమిటో నాకు అర్థమైంది.

"ఏటైనాదిరా, అలగ నిలబడిపోనావు?" అంది పిన్ని.

తాళాలు లోపల పడిపోయాయని చెప్పాను. ఆవిడ నా చేతుల్లోని సీసాలను, మూసిన డిక్కీని ఒకసారి చూసి, "నీల్లు మాత్రం భద్రంగా తీసినావు" అంది.

ఇది చదివేవారిలో కొందరికైనా, కారు తాళాలు లోపల పెట్టి తలుపు వేసుకోవడం అసలు ఎలా సాధ్యమని అనిపించవచ్చు. ముందు తలుపు విషయంలో అది అంత సులభం కాదన్నది నిజమే. తలుపు తీసి ఉండగా లాక్ మీట నొక్కితే, బయటి హ్యాండిల్ ఎత్తి పట్టుకుంటే తప్ప, తలుపు పడేసరికి ఆ మీట తనంతట తానే పైకి వచ్చేస్తుంది. సరిగ్గా నాలాంటి వాళ్ల కోసమే ఆ ఏర్పాటు చేశారు. కానీ పదమూడేళ్ల వయసున్న నా కారులో డిక్కీకి అలాంటి దయ లేదు. తలుపులన్నీ తాళం వేసి ఉన్నప్పుడు కూడా తాళం చెవితో డిక్కీని విడిగా తెరవవచ్చు, మూత వేయగానే అది దానంతట అదే బిగుసుకుంటుంది. రిమోట్ ఉన్న కార్లలో ఇంకొక చిక్కు ఉంది. రిమోట్‌తో లాక్ తీసి, ఏ తలుపూ తెరవకుండా అర నిమిషం ఊరుకుంటే చాలా కార్లు తమంతట తామే మళ్లీ లాక్ అయిపోతాయి. తాళం లోపల ఉందని పసిగట్టి, లాక్ కాకుండా బీప్ మని మొరపెట్టే స్మార్ట్ తాళాలు ఇప్పుడు వచ్చాయి గానీ, ఆ తాళంలోని బ్యాటరీ నీరసించినప్పుడు ఆ తెలివిని కూడా పూర్తిగా నమ్ముకోలేము.

మా ఆస్తిపాస్తులు లెక్క వేసుకున్నాము. నా ఫోను ముందు సీట్ల మధ్య ఛార్జింగులో ఉంది. దారిలో బండి ఆగిపోతే సాయం పంపుతామన్న బీమా కాగితం నంబరు ఆ ఫోనులోనే ఉంది. రెండో తాళం చెవి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, విశాఖపట్నంలో మా ఇంటి బీరువాలో ఉంది. ఆ బీరువా తాళమూ, ఆ ఇంటి తాళమూ ఇప్పుడు డిక్కీలో ఉన్న గుత్తికే ఉన్నాయి. కాబట్టి ఎవరినైనా ఇంటికి పంపినా వాళ్లు వీధి గుమ్మం దగ్గర నిలబడి నాకు ఫోను చేయవలసిందే, ఆ ఫోను కారులో మోగవలసిందే.

బావగారు అప్పటికే ఒక రాయి ఏరుకుని వచ్చారు. "వెనక తలుపు చివర ఉన్న ఆ చిన్న అద్దం పగలగొట్టేద్దాం బావా, చిన్నది కాబట్టి ఖర్చూ చిన్నదే" అన్నారు. ఈ నమ్మకం చాలామందిలో ఉంది కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. ఆ చిన్న అద్దం చాలా కార్లలో పైకీ కిందికీ కదిలేది కాదు. దాన్ని రబ్బరుతోనో జిగురుతోనో శాశ్వతంగా బిగిస్తారు. అందువల్ల దాన్ని మార్చడానికి పట్టే కూలీ, దొరకడానికి పట్టే సమయం, కొన్ని మోడళ్లలో దాని ధర కూడా, కిటికీ పెద్ద అద్దాన్ని మించిపోతాయి. పైగా రాయి వేసినంత మాత్రాన పక్క అద్దం పగిలిపోతుందని కూడా అనుకోవద్దు. పక్క అద్దాలను సాధారణంగా 600 డిగ్రీలకు పైగా వేడి చేసి, గాలి చిమ్మి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ క్రమంలో అద్దం పైపొరలు ఒత్తిడిలోనూ, లోపలి భాగం లాగుడులోనూ స్థిరపడిపోతాయి. అందుకే మొద్దు దెబ్బలను అది తట్టుకుంటుంది, సూది మొనలాంటిది ఒక్కటి మూల దగ్గర దిగితే మాత్రం మొత్తం అద్దం కలకండ పలుకుల్లా రాలిపోతుంది. ముందు అద్దం అలా రాలదు, ఎందుకంటే అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. అద్దం పగలగొట్టడానికి సీటు పైన తల ఆనించుకునే దిండు చువ్వలు బాగా పనికొస్తాయని ఎక్కడో చదివినట్టు బావగారికి గుర్తొచ్చింది. ఆ దిండు కూడా కారు లోపలే ఉందని పిన్ని గుర్తు చేసింది.

అయితే అద్దం పగలగొట్టడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించకూడని సందర్భం ఒకటి ఉంది. లోపల పిల్లలో, కదలలేని పెద్దవాళ్లో, మూగజీవాలో ఉన్నప్పుడు అద్దం ధర గురించి మాట్లాడడమే పాపం. ఎండలో నిలిపిన కారు లోపల వేడి పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది, పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటి కంటే చాలా త్వరగా కాగిపోతుంది. 2025 మే నెలలో విజయనగరం పక్కనే ఉన్న ద్వారపూడిలో, ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు మూసుకుపోయి ఊపిరాడక చనిపోయారు. ఆ వార్త చదివిన నాటి నుంచి మా వీధిలో కారు నిలిపి ఇంట్లోకి వచ్చాక మళ్లీ ఒకసారి వెళ్లి తలుపులు లాగి చూసుకోవడం నాకు అలవాటైంది. అటువంటప్పుడు 112కు ఫోను చేస్తూనే, లోపలివారికి దూరంగా ఉన్న అద్దం మూల మీద కొట్టాలి. మా కారులో ఉన్నది పులిహోర, పిన్ని మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర, నా ఫోను మాత్రమే. మాత్రకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. కాబట్టి రాయి కింద పెట్టించాను.

బావగారి రెండో ఆలోచన స్కేలు. వెనకటికి మా నాన్నగారి మారుతీ 800 తలుపును ఆయన ఒక అడుగు పొడవున్న స్టీలు స్కేలుతో తెరిచి అందరి మెప్పూ పొందారు, ఆ కీర్తి ఆయనలో ఇంకా చల్లారలేదు. అప్పటి తలుపుల్లో పైనున్న బుడిపె నుంచి కింద లాక్ వరకూ ఒక ఇనుప చువ్వ నిలువుగా దిగి ఉండేది. అద్దానికీ, దాని అడుగున ఉండే రబ్బరు బీడింగ్‌కూ మధ్య నుంచి స్కేలు దింపి, ఆ చువ్వను తగిలించి లాగితే బుడిపె లేచేది. ఇప్పటి తలుపుల్లో చాలావాటికి ఆ చువ్వ బదులు సైకిలు బ్రేకుకు ఉన్నట్టు గొట్టంలో నడిచే కేబుల్ ఉంటుంది, లాక్ చుట్టూ కవచం ఉంటుంది. దానికి తోడు అద్దాలు ఎత్తే మోటారు వైర్లు, లాక్ మోటారు వైర్లు, స్పీకరు వైర్లు, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్‌కు కబురు పంపే సెన్సారు కూడా ఆ సన్నని చోటులోనే ఉంటాయి. అందులో చీకట్లో స్కేలు ఆడించడమంటే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. బావగారు పది నిమిషాలు ఆడించారు. బీడింగ్ ఒకచోట లేచిపోయింది, ఇప్పటికీ వానకు అక్కడ నీరు దిగుతుంది. ఆయన మా కుటుంబంలో పెద్దల్లుడు కనుక దాని గురించి ఇంతకంటే రాయను.

చివరకు పనికొచ్చింది పిన్ని దగ్గరున్న చిన్న బటన్ల ఫోను. ఆవిడ దగ్గర్లోని గార అనే ఊళ్లో తెలిసినవాళ్లకు చేసింది, వాళ్లు మరొకరి నంబరు ఇచ్చారు, ఆ మరొకరు ఒక మెకానిక్కు నంబరు ఇచ్చారు. ఆ అబ్బాయి ఊరూ పేరూ అడగకముందే, "ముందుగాల అద్దం మీద సెయ్యి ఎయ్యకండి బాబూ. లాక్ మీట అద్దం కిందుందా, లోపల హేండిలు కాడుందా, అది సెప్పండి" అన్నాడు. కొండ కింద నిలబడి మేము ముగ్గురం ముప్పావు గంట వేసిన ప్రశ్నలలో ఇంత పనికొచ్చే ప్రశ్న ఒక్కటీ లేదు. లాక్ మీట ఎక్కడ ఉందన్న దాన్ని బట్టే లోపలికి పంపే చువ్వ పొడవు, దాని వంపు నిర్ణయమవుతాయి. హ్యాండిల్ పక్కనే ఉందని చెప్పాను. "అయితే అరగంట" అన్నాడు, గంటకు వచ్చాడు.

అతని సంచిలో ఉన్న సామాను చెప్పుకోదగ్గది. గుడ్డ చుట్టిన వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి, రెండు చెక్క మేకులు, పైపూత రాల్చేసి కొస వంచి దానికి టేపు చుట్టిన పొడవాటి వెల్డింగ్ రాడ్డు ఒకటి, వాటితోపాటు ఆసుపత్రుల్లో బీపీ చూడడానికి చేతికి చుట్టే రబ్బరు సంచీ, దాని గాలిబుడ్డి. దుకాణాల్లో ఈ పనికోసమే అమ్మే గాలిసంచీ ఉంటుంది గానీ, పాడైన బీపీ మిషన్ సంచీ అంతకంటే చవకగా అదే పని చేస్తుందని చెప్పాడు. ఎడమ వైపు ముందు తలుపు, కీలుకు దూరంగా ఉన్న పై మూల దగ్గర, రంగు గీరుకోకుండా పట్టీని చొప్పించి, దాని పక్కన ఖాళీ సంచీని దూర్చి, మెల్లగా గాలి కొట్టడం మొదలుపెట్టాడు. కిటికీ చుట్టూ ఉండే ఆ ఇనుప చట్రం కొద్దిగా వంగి, గాలి తీయగానే తిరిగి తన చోటికి వచ్చే గుణం కలది. ఆ గుణం దాటిపోయేంతగా వంచితే మాత్రం తలుపు శాశ్వతంగా ఎడంగా నిలిచిపోయి, తర్వాత ప్రయాణాల్లో గాలి ఈలలు వేస్తుంది, వాన లోపలికి వస్తుంది. అందుకే అతను నాలుగుసార్లు నొక్కి, ఆగి, వేలు పెట్టి సందు చూసి, మళ్లీ రెండుసార్లు నొక్కాడు. వేలు పట్టేంత సందు కూడా రాకముందే చాలన్నాడు. ఇదే పనిని స్క్రూడ్రైవరుతో పెళ్లగించి చేసేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లు తెరిచిన తలుపు మూలలు చూస్తే ఎలుకలు కొరికినట్టు ఉంటాయి.

సందు చేసిన తర్వాత పని సగమే అయినట్టు. రాడ్డు లోపలికి వెళ్లింది, రెండుసార్లు మీట పక్కనుంచి జారిపోయింది, మూడోసారి టేపు చుట్టిన కొస మీట వెనక్కి చేరింది. బావగారిని అవతలి అద్దం దగ్గర నిలబెట్టి "ఇంకొంచెం కిందకి, ఇంకొంచెం ఇటు" అని చెప్పమన్నాడు, ఆ పనిలో బావగారు నిజంగా రాణించారు. మీట కదిలింది. తలుపు తెరుచుకుంది.

కానీ తాళాలు డిక్కీలో ఉన్నాయి కదా, తలుపు తెరుచుకుంటే ఏమి లాభమని పిన్ని సందేహం. డ్రైవరు సీటు పక్కన నేల మీద డిక్కీ తెరిచే చిన్న మీట ఒకటి ఉంటుంది, అది లాగితే మూత లేస్తుంది. ఆ మీట కూడా లేని కార్లలో వెనక సీటు వీపును ముందుకు మడిచి చేయి చాపుకోవాలి, వెనక సీటు మడవని కారైతే మళ్లీ మొదటికి వచ్చినట్టే. నేను అటు వెళ్లబోతుంటే మెకానిక్ చేయి అడ్డం పెట్టి, ముందు డాష్‌బోర్డులోని ఆర్‌సీ తీసి చూపించమన్నాడు. దాని మీది పేరును నా జేబులోని లైసెన్సు మీది పేరుతో పోల్చి చూసుకున్న తర్వాతే పక్కకు జరిగాడు. "తాలం తియ్యడం తెలిసినోడికి ఇది సూసుకోవాల బాబూ" అన్నాడు. అతను 300 రూపాయలు అడిగాడు, నేను 500 ఇచ్చాను. పులిహోర పాడవలేదు. కొండ మాత్రం ఎక్కలేదు, అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చేసింది.

వెళ్లేముందు అతనే ఒక మాట చెప్పాడు. చిప్ ఉన్న కారు తాళానికి పూర్తి నకలు చేయించాలంటే ఖర్చు ఎక్కువ, కంపెనీ ద్వారా అయితే కాగితాలు చూపించి కొన్ని రోజులు ఆగాలి. కానీ తలుపు తెరవడానికి చిప్‌తో పని లేదు, తాళం రంధ్రంలో తిరిగే వట్టి ఇనుప చెవి చాలు. చిప్ ఇంజనును స్టార్టు చేయనివ్వడానికే. వట్టి చెవితో తలుపు తెరిచి, లోపలున్న అసలు తాళం తీసుకోవచ్చు. ఇన్నేళ్లుగా కారు నడుపుతున్నా ఈ చిన్న ఉపాయం నాకు తట్టలేదు.

మరునాడు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర తాళాలు చేసే అతని చేత అలాంటి చెవి కోయించాను. అసలు తాళాన్ని మిషనుకు ఒకవైపు, వట్టి చెవిని మరొకవైపు బిగించి పళ్లు తీశాడు, ఆకురాయితో అంచులు నున్నన చేశాడు, 150 రూపాయలు తీసుకున్నాడు. కొట్టు ముందే పరీక్షించాను. తలుపు తెరుచుకుంది. కుతూహలం కొద్దీ ఇంజను కూడా తిప్పి చూశాను. అది ఒకసారి దగ్గి ఆగిపోయింది, డాష్‌బోర్డులో తాళం బొమ్మ దీపం ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. ఆ చెవిని పర్సులో పెట్టుకోబోతుంటే పిన్ని చేయి చాచింది. "నీ పర్సు కూడా నువ్వు కారులోనే పెడతావు" అని, తన చేతిసంచిలో మాత్రల డబ్బా పక్కన వేసుకుంది.