సాధన పుస్తకంలో ఏం రాయాలి: సరళీ వరుసల నుంచి జంటల దాకా

పెద్దయ్యాక కర్ణాటక సంగీతం మొదలుపెట్టి సరళీ వరుసల (మొట్టమొదట నేర్పే స్వర పాఠాలు) దగ్గరే మానేసేవాళ్లు చాలామంది. "నాకు గొంతు లేదండీ" అనేస్తారు. ఆ మాటని బట్టి రేపు పొద్దున ఏం సాధన చెయ్యాలో తేలదు. ఇలా రాసుకుంటే తేలుతుంది:

శ్రుతి 1, వేగం 60, మొదటి వరుస. మొదటి కాలం సరే. రెండో కాలం అవరోహణలో ద పైకి పోయింది. రేపు: ప ద ప, పదిసార్లు, నిదానంగా.

ఇందులో శ్రుతి అంటే మన షడ్జం (స) ఎత్తు, వేగం అంటే నిమిషానికి ఎన్ని తాళం లెక్కలు, రెండో కాలం అంటే మొదటి కాలానికి రెట్టింపు వేగం, అవరోహణ అంటే స్వరాలు దిగడం. పుస్తకంలో "బాగా రాలేదు" అన్న మాటే ఉండకూడదు. ఏ స్వరం, ఏ కాలం, ఎక్కుతున్నప్పుడా దిగుతున్నప్పుడా అన్నదే ఉండాలి.

ముందు శ్రుతి. మగవాళ్లకి సాధారణంగా 1 నుంచి 2 లోపు, ఆడవాళ్లకి 5, 5½ దగ్గర కుదురుతుంది. కింద మంద్ర పంచమం (కింది స్థాయి ప) వినపడాలి, పైన తార గాంధారం (పై స్థాయి గ) అరవకుండా అందాలి. క్లాసులో అందరికీ ఒకటే శ్రుతి పెడితే కొందరి గొంతు పట్టేస్తుంది. అది గొంతు లోపం కాదు, శ్రుతి ఎంపికలో లోపం.

సరళీ వరుసలు పాడే రాగం మాయామాళవగౌళలో స రి దగ్గర, రి గ దూరం, గ మ మళ్లీ దగ్గర. పై సగం ప ద ని స కూడా అచ్చంగా ఇదే కొలత. అందుకే కింది సగం కుదిరితే పై సగానికి నమూనా దొరికినట్టే. తప్పు ఎక్కువగా రి దగ్గర వస్తుంది. చెవికి ముందే అలవాటైన శంకరాభరణం, కల్యాణి, మోహన అన్నిటిలోనూ ఉన్నది చతుశ్రుతి రిషభమే (ఈ రాగంలోని రి కన్నా ఎత్తైన రి) కాబట్టి గొంతు అటు జారుతుంది. స రి స మాత్రమే పట్టుకుని, రి మీద నాలుగు అక్షరాలు (తాళం లెక్కలు) నిలబడండి. గాంధారానికి తంబూరాయే గురువు: మంద్ర షడ్జం తీగ మీటి నాదం తగ్గేదాకా వింటే అందులోంచి సన్నగా అంతర గాంధారం (ఈ రాగంలోని గ) పలుకుతుంది. దానితో గొంతు కలపండి.

మూడో వరుస దగ్గర ఇంకో చిక్కు:

స రి గ స రి గ స రి

ఇది 3, 3, 2గా విరుగుతుంది. ఆది తాళం మాత్రం 4, 2, 2: ముందు ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తర్వాత దెబ్బ, విసురు ఉన్న ద్రుతాలు రెండు. రెండో స మధ్యవేలు మీద పడుతుంది, ద్రుతం దెబ్బ మీదికి రి వస్తుంది. చెయ్యి స కోసం దెబ్బ వెయ్యాలని చూస్తుంది, అక్కడే తాళం కూలుతుంది. ముందు పాడకుండా తాళం వేస్తూ స్వరాల పేర్లు పలకండి, అది నిలిచాకే శ్రుతిలో పాడండి. పుస్తకంలో "తాళం తప్పింది" అని కాకుండా "5వ అక్షరం" అని రాయండి.

వేగం నిమిషానికి 60 అయితే మొదటి వరుస మొదటి కాలంలో 16 సెకన్లు, రెండో కాలంలో 8, మూడో కాలంలో 4. మూడో కాలంలో ని, ద మింగేసినట్టు వినపడుతుంటే 50కి దిగండి. దిగడం వెనకబాటు కాదు, స్వరం స్పష్టంగా వినపడే చోటు వెతుక్కోవడం. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే 4 పెంచండి. అంతకన్నా ఎక్కువ పెంచితే ఏ స్వరం చెడిందో తెలియదు.

రికార్డింగు తప్పనిసరి. పాడుతున్నప్పుడు వినపడని తప్పు తర్వాత వింటే వినపడుతుంది. శ్రుతి ఒక ఫోన్లో, రికార్డింగు రెండు అడుగుల దూరంలో మరో ఫోన్లో. ఒకే వరుసని వారం తేడాతో రెండుసార్లు రికార్డు చేసి పక్కపక్కన వినండి. రోజూ పోల్చుకుంటే తేడా తెలియక నీరసం వస్తుంది. ఆరోహణ చివర శ్రుతి దిగితే చెవిని తప్పుపట్టకండి, చాలాసార్లు ఊపిరి అయిపోవడమే కారణం. షడ్జం 10 సెకన్లు నిలిపే సాధన కొన్నాళ్లు విడిగా చెయ్యండి.

తర్వాతి పాఠం జంటవరుసల్లో (ప్రతి స్వరం రెండుసార్లు) స స రి రి అన్నప్పుడు ఊనిక రెండో స్వరం మీద, కింది స్వరాన్ని తాకి రావాలి. కొత్తలో రెండూ ఒకే బరువుతో పలుకుతాయి. గొంతుకి ఇది కొత్త పని కనుక వేగం మళ్లీ 50 నుంచే. సరళీలో ఎంత వేగం వచ్చిందో ఇక్కడ లెక్కలోకి తీసుకోకండి, పుస్తకంలో కొత్త పేజీ తియ్యండి.