ఫైల్లో ఒక కాగితం

"పసివాడి ప్రాణం పోతుంటే పోలీసులు చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అని గట్టిగా వాదించేవాణ్ణి నేను. ఫ్రాంక్‌ఫర్ట్ కేసు చదివాక ఆ గొంతు పెగలడం లేదు.

2002లో ఆ జర్మనీ నగరంలో 11 ఏళ్ల బాబును ఎత్తుకెళ్లారు. దొరికిన లా విద్యార్థి ఎక్కడ దాచాడో చెప్పలేదు. పోలీసు ఉప అధిపతి ఆదేశంతో ఒక అధికారి, నోరు విప్పకపోతే భరించలేని నొప్పి రుచి చూపిస్తామని బెదిరించాడు. వాడు చెప్పేశాడు. బాబు అప్పటికే చనిపోయి ఉన్నాడు.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆ ఉప అధిపతి తన ఆదేశాన్ని దాచలేదు, స్వయంగా ఫైల్లో రాసిపెట్టాడు! 2004లో కోర్టు ఇద్దరు అధికారుల్నీ దోషులుగా తేల్చింది. జరిమానా మాత్రం వెంటనే కట్టించకుండా హెచ్చరికతో సరిపెట్టింది. ఆ శిక్ష మరీ తేలికని 2010లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. బెదిరింపు చిత్రహింస దాకా వెళ్లలేదు గానీ అమానుషమేనంది. హంతకుడి జీవిత ఖైదు మాత్రం మారలేదు. విచారణలో వాడు మళ్లీ తనంతట తనే ఒప్పుకున్నాడు కదా.

నిన్న మా తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, బాబు బతికుండి ఉంటే?" జవాబు తోచలేదు. ఆ ఫైలు కాగితం గురించే మళ్లీ చెప్పాను.