తాతగారి వెండి నాణేలకు ధర కట్టించబోతే... నా అనుభవం

కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

తాతగారి విద్ధాంక నాణేలు, అంటే వెండి ముక్కల మీద గుర్తులు గుద్ది చేసిన ప్రాచీన నాణేలు, అన్నదమ్ములం పంచుకోవాలంటే ముందు వాటి ధర తెలియాలి. ఫొటోలు, తూకం తేలిగ్గానే అయిపోయాయి, ఒక్కోటి మూడు గ్రాముల చిల్లర. అమెరికాలో ఉన్న తమ్ముడు తన వాటా పంపమన్నాడు గానీ, వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. ఆ మాట అక్కడే తెగ్గొట్టాను.

ఇక కోఠీలో ఆ వ్యాపారి సంగతి. కొన్ని నాణేలు చూపించగానే "నల్లగా ఉన్నాయి సార్, తుడిచి చూస్తా" అని లోపలికి పట్టుకెళ్లాడు. వద్దండీ, వద్దండీ అంటూనే ఉన్నాను. కాసేపటికి అన్నీ తళతళలాడుతూ తెచ్చాడు, యాసిడ్ మందులో ముంచేశాడు! ఆ నలుపు మురికి కాదండీ, గంధకం వెండితో కలిసి ఏళ్ల తరబడి కట్టిన పొర. అది కరిగిందంటే దానితో పాటు వెండీ పోయినట్టే. సూర్యుడి గుర్తు గీతలు మొద్దుబారిపోయాయి.

అంతటితో ఆగాడా? గట్టిదో కాదో చూస్తానని ఒకదాన్ని వేళ్లతో వంచాడు. అంచు పుటుక్కున విరిగింది. "క్రిస్టలైజ్ అయిపోయింది సార్, దీనికి వెండి రేటే" అన్నాడు, పక్కనున్నవాళ్లు నవ్వారు. పైగా మిగతావి ఇంత మెరుస్తున్నాయంటే నకిలీవేమో అని అనుమానం! మెరిపించింది ఎవరు? డిగ్రీ రోజుల నుంచి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం చుట్టూ తిరిగి నాణేలు చదువుకున్నవాణ్ణి, నాకే పాఠం చెబుతున్నాడు.

ఆ "క్రిస్టలైజ్" వెనక అసలు జరిగేది ఇది. వెండిలో కలిపిన రాగి వందల ఏళ్లలో మెల్లగా విడిపోయి లోహం లోపలి సన్నటి రేణువులు ఒకదానికొకటి ఆనుకునే సరిహద్దుల దగ్గర చేరుతుంది, మట్టిలోని ఉప్పు, తేమ ఆ దారి వెంటే లోపలికి తినేస్తాయి. పైకి దిట్టంగానే ఉంటుంది, లోపల పటికబెల్లంలా పెళుసు. అలాంటిదాన్ని వంచి చూసేవాడికి ఈ వ్యాపారం ఎందుకు?

కాబట్టి నాణెం మీ కళ్ల ముందు నుంచి కదలనివ్వకండి. చింతపండు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. పీవీసీ కవర్లలో పెట్టకండి, పచ్చగా జిగురు పడుతుంది. వానాకాలంలో డబ్బాలో సిలికా జెల్ వేయండి.

ఇంట్లో మిగిలిన నల్లటివి సికింద్రాబాద్‌లో నాణేలు సేకరించే ఒక పెద్దాయన మెత్తటి గుడ్డ మీద పెట్టి, అంచులు మాత్రమే పట్టుకుని చూశారు. యాసిడ్‌లో ముంచినవాటికి రెట్టింపు పైనే కట్టారు. ఆ తేడా, విరిగినదాని ఖరీదు రెండూ రాతపూర్వకంగా ఆ వ్యాపారిని అడగబోతున్నాను, ముందే తీసిన ఫొటోలు, తూకం చీటీ జతచేసి.