పిల్లులూ మా మెంతి మడీ

విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి వెనుక పెరడు పెద్దదేమీ కాదు. వంటగది గుమ్మానికీ ప్రహరీ గోడకూ మధ్య ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న నేలలో ఐదు మడులు, ఒక మూల ఆనపపాదుకు వేసిన పందిరి, గోడ పక్కన నాలుగు వంగ మొక్కలు, ఒక నిమ్మచెట్టు ఉన్నాయి. గత డిసెంబరులో మెంతులు చల్లిన మడిని నాలుగవ నాటి ఉదయం చూసేసరికి, అప్పుడే తెల్లగా మొలకెత్తుతున్న గింజలు చెల్లాచెదురై, మడి మధ్యలో చిన్న గుంట, దాని మీద ఎంతో జాగ్రత్తగా కప్పిన మట్టికుప్ప కనిపించాయి. ఆ కుప్ప కింద ఏముందో వాసనే చెప్పింది. వారం తిరిగేలోగా పాలకూర మడికీ కొత్తిమీర మడికీ అదే గతి పట్టింది.

మా వీధిలో తిరిగే పిల్లులు ఎవరివీ కావు, అందరివీ అవును. తల్లిపిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్ళలో మాది తప్పకుండా ఒకటి. చేపలమ్మే ఆమె తట్ట దించే అరుగు మా గుమ్మానికి రెండిళ్ళ అవతలే ఉన్నందున ఉదయం తొమ్మిది గంటలయ్యేసరికి అవన్నీ అక్కడ హాజరు వేయించుకుంటాయి. పక్కింటి పిన్నిగారు చేపల తలలు ఉడికించి అన్నంలో కలిపి పెడతారు. నేను మొదటిసారి నా బాధ చెప్పుకున్నప్పుడు ఆవిడ, "నోరు లేని జీవాలమ్మా, తోలేస్తే మాత్రం ఎక్కడికెల్తాయి?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

మామూలుగా అయితే నాలుగు గింజలు మళ్ళీ చల్లుకొని ఊరుకునేదానినే. కానీ మా అమ్మాయి పురిటికి వచ్చి ఉన్నది, పొద్దునే పెరట్లోకి వెళ్ళి రెండు కొత్తిమీర రెబ్బలు తుంచి పెరుగుపచ్చడిలో పచ్చిగానే వేసుకోవడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. ఎలుకలనూ పక్షులనూ తినడం వలన పిల్లికి అది సోకుతుంది. సోకిన తొలి రోజులలో, అంటే ఒకటి నుంచి మూడు వారాల పాటు, దాని మలంలో ఈ జీవి గుడ్ల వంటి రూపంలో బయటపడుతుంది. గర్భిణికి అది మొదటిసారిగా సోకితే కడుపులోని బిడ్డకు కూడా చేరవచ్చు. అయితే అప్పుడే పడిన మలం వలన అది సోకదు, సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, ఆ తరువాత మాత్రం తడి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందువలన మలాన్ని ఏ రోజుది ఆ రోజే తీసివేయడం, ఆకుకూరలను పారే నీటిలో బాగా కడగడం, వీలైనంతవరకు ఉడికించి తినడం ఎంతో మేలు. అమ్మాయిని మట్టి ముట్టుకోవద్దన్నాను. అది అలిగింది.

ఇక ఉపాయాల సంగతి. సలహాలు ఇవ్వడానికి మా వీధిలో కొరత లేదు. నీలిమందు కలిపిన నీళ్ళ సీసాలను గోడ మీద వరుసగా పెట్టమని ఒకరు చెబితే పెట్టాను. రెండవ రోజు ఆ సీసాల మధ్య నుంచే గండుపిల్లి ఒయ్యారంగా నడిచి వచ్చింది. కమలా తొక్కలు వేస్తే పచ్చిగా ఉన్న ఒకటి రెండు రోజులు మూతి తిప్పుకొని వెళ్ళాయి గానీ, తొక్క ఎండి వాసన పోగానే మళ్ళీ మొదలు. కలరా ఉండలు, ఫినాయిలు, కారం గురించి మాత్రం నేను ఎవరితోనైనా వాదిస్తాను. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ పిల్లికి విషం, మనం తినే కూర పెరిగే మట్టిలో వేయదగినదీ కాదు. ఫినాయిలు వంటి మందులలోని పదార్థాలను విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తొక్కిన కాళ్ళను అది నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి విషం నేరుగా లోపలికే పోతుంది. కారం పంజాకు అంటుకొని, ఆ పంజాతో ముఖం తుడుచుకున్నప్పుడు కంట్లో పడుతుంది. ఫిల్టరులో మిగిలిన కాఫీ పిప్పి కూడా పనికిరాదు, కెఫీన్ పిల్లికి పడదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న మాటను ఇక్కడ తిరగవేసి చెప్పుకోవాలేమో!

చివరకు ఒకనాడు తెల్లవారుజామున ఐదు గంటలకు వంటగది కిటికీ దగ్గర దీపం వెలిగించకుండా కూర్చున్నాను. బూడిదరంగు పిల్లి గోడ దిగి వచ్చి, పందిరి కింద ఆకులు రాలిన చోటు వాసన చూసి వదిలేసింది, ముందురోజు నీరు పెట్టిన వంగపాదు అంచున ఒక్క పంజా పెట్టి విదిలించుకొని వెనక్కి తీసుకుంది, దట్టంగా ఎదిగిన తోటకూర మడివైపు చూడనైనా లేదు. నేరుగా వెళ్ళి నిన్న నేను గుల్ల చేసి, జల్లించి, చదును చేసిన కొత్త మడిలో తవ్వడం మొదలుపెట్టింది. ఇంటి పిల్లికి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాలలోని పొడి నేలల్లో తిరిగిన అడవిపిల్లులు. దానికి కావలసింది నా కూర కాదు, పొడిగా గుల్లగా ఉండి తవ్వడానికి వీలయ్యే మట్టి. విత్తడానికి మనం సిద్ధం చేసే మడి అచ్చం అటువంటిదే. మొక్కలు ఎదిగి నేలను కప్పేవరకూ, అంటే దాదాపు మూడు వారాల పాటే, ఈ బెడద. ఆ మూడు వారాలు మట్టిని తవ్వనివ్వకుండా చేయగలిగితే చాలునని ఆ ఉదయం నాకు అర్థమైంది.

ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. చేపలు కడిగిన నీళ్ళు ఆనపపాదుకు బలమని మా అత్తగారు చెప్పేవారు. నేను పాదుకే కాక మడులకు కూడా పోస్తూ వచ్చాను. పైగా నవంబరులో మట్టిలో ఎముకల పిండి కలిపాను. తోటకు బలం వచ్చిందో లేదో గానీ, పిల్లులకు మాత్రం అది పిలుపే అయింది. ఇప్పుడు ఆ నీళ్ళను మానేసి, మడులకు బాగా మాగిన పశువుల ఎరువూ వేపపిండీ మాత్రమే వేస్తున్నాను.

మట్టిని కాపాడడానికి నేను మొదట తెచ్చినది ఇనుప వల. సముద్రపు గాలి తగిలే మా వంటి చోట ఇనుము ఎంత కాలం ఉంటుందో ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు. అది ఎర్రగా తుప్పు పట్టి చేతికి గీసుకుపోవడం మొదలుపెట్టింది. తరువాత మావారు జాలరి పేట నుంచి పాత నైలాను చేపల వల తెచ్చి పరిచారు. పది రోజులకు అందులో ఒక జెర్రిపోతు చిక్కుకుంది. ఎలుకలను తినే పామును, అదీ విషం లేనిదాన్ని, కత్తెరతో ఒక్కొక్క పోగూ కోసి విడిపించడానికి మాకు ముప్పావు గంట పట్టింది, అంతసేపూ నా గుండె గొంతులోనే ఉన్నది. కాబట్టి సన్నటి, వదులైన వలను నేల మీద పరవకండి. ఇప్పుడు నేను వాడుతున్నది అంగుళం కన్నాలున్న గట్టి ప్లాస్టిక్ వల. దానిని నేలకు ఆనించకుండా నాలుగు ఇటుకల మీద రెండు అంగుళాల ఎత్తున బిగించి కట్టాలి, లేకపోతే ఆకుకూర వేళ్ళతో సహా పీకేటప్పుడు వల కూడా లేచి వస్తుంది.

వల కంటే నాకు నచ్చినది అరిగిపోయిన పుల్లల చీపురు. కొబ్బరి ఈనెలను జానెడు పొడవున విరిచి, పై మొన పిల్లి కంటికి తగలకుండా వంచి, బెత్తెడు దూరంలో ఒకటి చొప్పున మడి అంతా గుచ్చాను. పిల్లి కూర్చోవడానికి, చుట్టూ తిరగడానికి, తవ్వడానికి చోటు కావాలి కదా, ఆ చోటు లేకుండా పోయింది. నిమ్మచెట్టు కత్తిరించినప్పుడు వచ్చిన ముళ్ళ రెమ్మలను మడి అంచులకూ, బోర్లించిన కొబ్బరి చిప్పలను పాదుల చుట్టూ ఖాళీలకూ వాడాను. ఖర్చు అణా పైసా లేదు.

నీటి విషయంలో కొంచెం ఆలోచించవలసి వచ్చింది. తడి మట్టి పిల్లికి గిట్టదు కాబట్టి సాయంత్రం నీరు పెడితే రాత్రంతా మడి వైపు రాదు. కానీ రాత్రంతా తడిగా ఉండే లేత నారుకు నారుకుళ్ళు తెగులు పట్టే ప్రమాదం ఉంది. అందుచేత నారుమడికి ఉదయమే నీరు పెట్టి వల మీద ఆధారపడతాను, మిగతా మడులకు సాయంత్రం పెడతాను. వర్షాకాలంలో ఈ గొడవే ఉండదు. జూన్ నుంచి నవంబరు దాకా తడిసి ఉండే మడులను వదిలి పిల్లులు చూరు కింద పొడిగా ఉన్న జాగాకు వెళతాయి. ఆకుకూరలు బాగా వచ్చే డిసెంబరు, జనవరి నెలలే వాటికీ అనువుగా ఉండడం మన దురదృష్టం.

చూరు కింది జాగాను చూసిన తరువాతే ఇసుక గుంట ఆలోచన వచ్చింది. గోడ మూల, వాన పడని చోట, మూడడుగుల చదరంలో అరడుగు లోతున తవ్వి, ఇల్లు బాగుచేయించినప్పుడు మిగిలిన ఇసుక పోశాను. మడిలో పాడైన మట్టి ఒక గరిటెడు అందులో కలిపితే ఆ వాసనకు అవి తమ చోటుగా గుర్తించాయి. రోజూ ఉదయం చేతికి తొడుగు వేసుకొని, పాత తాపీతో తీసి, సంచిలో కట్టి చెత్త బండికి ఇస్తాను; కంపోస్టు కుండీలో ఎంతమాత్రం వేయను.

కుప్పింటాకు అనీ మురిపిండ అనీ పిలిచే కలుపు మొక్క మీకు తెలిసే ఉంటుంది. దాని వేరు వాసనకు పిల్లులు మైమరచిపోతాయి. నేను ఆ మొక్కలను పీకి మడి పక్కనే కుప్పగా పోస్తూ, పిల్లులు అక్కడే ఎందుకు పొర్లుతున్నాయో తెలియక తిట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు పీకినవన్నీ ఇసుక గుంట పక్కన వేస్తున్నాను.

గోనెసంచిలో వేసి ఏ భీమిలి దారిలోనో వదిలేయమన్నవారూ ఉన్నారు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచే ఉన్నదన్న మాట అలా ఉంచండి, ఒక పిల్లి పోయిన చోటికి ఇంకొకటి వస్తుంది. మూడు పిల్లులకు పిన్నిగారూ నేనూ చెరిసగం ఖర్చు పెట్టుకొని పశువైద్యుని దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాము. రెండు నెలల గర్భకాలంతో ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగల జీవాలు కాబట్టి, ముందే చేయించి ఉండవలసింది. పైగా పందికొక్కులు పక్క వీధిలో ఎవరి కర్రపెండలం దుంపలనూ మిగల్చలేదు. మా గోడ దాటి ఇంకా రాలేదు. ఆ లెక్కన నేను ఈ పిల్లులకు కొంత బాకీ ఉన్నాను.

ఇది రాస్తుండగా బూడిదరంగు పిల్లి ఇసుక గుంట అంచున కూర్చుని ఒళ్ళు నాక్కుంటున్నది. మెంతికూర బెత్తెడు ఎదిగింది. ఆదివారం వల విప్పి, ఈనెలు ఏరి కడిగి, కొత్తిమీర మడికి మార్చాలి.