కనుమ నాడు కూర్మనాథుడి దగ్గర

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేం సరిగ్గా ఆ రోజే యాత్ర పెట్టుకున్నాం. అమ్మ కోసం.

రెండేళ్ల కిందట పండగ పూట ఓ పెద్ద గుడికి వెళ్లాం. అమ్మకి షుగర్. స్వామిని చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనంది. నాలుగు గంటలు క్యూలో నిలబడ్డాక కళ్లు తిరిగి, ఇనప కమ్మీ పట్టుకుని అలాగే కూలబడిపోయింది. ముందుకి వెళ్లలేం, వెనక్కి రాలేం. వెనకాల ఎవరో మహాతల్లి బెల్లం ముక్క ఇస్తే నోట్లో పెట్టాను. తీరా స్వామి ముందుకి వెళ్లేసరికి "నడవండి, నడవండి" అని ఒక్క తోపు. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "స్వామి ఏ రంగు పట్టు కట్టుకున్నాడో చూశావా?" అని. నేనూ చూడలేదు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ గుడి దగ్గర తొక్కిసలాటలో భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్త విన్నాక, ఇక గుళ్లకే రానని తేల్చి చెప్పేసింది.

పెళ్లయిన కొత్తలో నాన్నతో కలిసి చూసిన శ్రీకాకుళం వైపు గుళ్లు, అరసవల్లి సూర్యుడు, శ్రీకూర్మంలో కూర్మనాథుడు, శ్రీముఖలింగంలో శివుడు, మళ్లీ ఓసారి చూడాలని మాత్రం మనసులో ఉంది. నాకా సెలవులు దొరికేది సంక్రాంతికే. ఎక్కడెక్కడి ఉత్తరాంధ్ర వాళ్లూ ఊళ్లకి చేరేది కూడా అప్పుడే. పండగకి రెండు రోజుల ముందు విజయనగరం స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండదు.

కూర్చుని ఆలోచించాను. ఏ దేవుడికి ఏ రోజు జనం వస్తారో అందరికీ తెలిసిందే. అరసవల్లిలో ఆదివారాలు, అందులోనూ మాఘమాసపు ఆదివారాలు. 2026లో రథసప్తమి కూడా జనవరి 25, ఆదివారమే. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలని తాకే రోజుల్లో తెల్లారకముందే బారులు తీరతారు. ముఖలింగానికి సోమవారాలు, శివరాత్రి, ఆ తర్వాత చక్రతీర్థ స్నానం. ఇవన్నీ పక్కన పెడితే మిగిలేవి కనుమ, ముక్కనుమ. కనుమ నాడు అందరూ ఇంటి పట్టునే ఉంటారు. మినపగారెలు, కోడికూర, సాయంత్రం దాకా చుట్టాలతో కబుర్లు.

"కనుమ నాడు ప్రయాణమా?" అంది అమ్మ. ఆమె మాట తీసెయ్యడం నాకిష్టం లేదు. ఆచారం ఆచారమే. చివరికి ఇద్దరం ఓ దారి చూశాం. సంక్రాంతి పొద్దున్న నాన్న ఫొటో ముందు కొత్త పంచె పెట్టి పెద్దల పూజ ముగించాం. మధ్యాహ్నం రైలెక్కాం. అందరూ అప్పటికే ఇళ్లకి చేరిపోయారు కాబట్టి పెట్టెలో కాళ్లు చాపుకుని కూర్చున్నాం. చీపురుపల్లి, పొందూరు దాటి ఆమదాలవలసలో దిగి, రాత్రికి శ్రీకాకుళంలో పిన్ని ఇంట్లో ఉన్నాం. "ఏటప్పా, పండగ పూట బయలెల్లిపోయినావు!" అంటూనే పిన్ని అరిసెల పళ్లెం ముందు పెట్టింది. కనుమ నాడు తిరిగేదంతా శ్రీకాకుళం చుట్టుపక్కలే కాబట్టి అది ప్రయాణం కిందకి రాదని అక్కచెల్లెళ్లిద్దరూ తేల్చేశారు.

పొద్దున్నే అమ్మకి రెండు ఇడ్లీలు తినిపించాను. ఈసారి ఖాళీ కడుపుతో వెళ్లనని ముందే మాట తీసుకున్నా. ఆటోలో అరగంటలో శ్రీకూర్మం. పుష్కరిణి మీద ఇంకా మంచు విడలేదు. గుళ్లో పట్టుమని ఇరవై మంది లేరు.

ఆ గుడిని తీరిగ్గా చూడాలి. తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు ధ్వజస్తంభాలు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. జనంలో పడి వెళ్తే ఇవేవీ కళ్లకి ఆనవు. అమ్మ రాతి స్తంభాల మధ్య ఒక్కో అడుగూ వేస్తూ, చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. పాత లిపి కదా, ఒకటి రెండు అక్షరాలు తప్ప అందలేదు. 13వ శతాబ్దంలో మధ్వ గురువు నరహరి తీర్థులు వేయించిన శాసనం ఈ గుళ్లోనే ఉందని చెబితే, "ఇన్నేళ్లూ ఉత్త గీతలనుకున్నాను" అని కొంగుతో ఆ రాతి మీద దుమ్ము తుడిచింది.

తర్వాత నక్షత్ర తాబేళ్ల దగ్గర కూర్చుంది. నల్లటి డిప్ప మీద పసుపు చారలు, ఒక్కో మిట్ట మీద ఒక్కో చుక్క విచ్చుకున్నట్టు. ఒక చిన్నది తోటకూర కాడ పట్టుకుని మెడ వెనక్కి లాగి, మళ్లీ ముందుకి చాచి, తెంపడానికి ఎంత కష్టపడిందో! ఆ ఆకు చిరిగే చప్పుడు మాకు వినిపించింది. ఆ గుళ్లో అంత నిశ్శబ్దం దొరుకుతుందని నేననుకోలేదు.

ఎండ పడ్డాక అరసవల్లి. కొద్దిగా జనం ఉన్నారు గానీ పావుగంటలో లోపలికి చేరాం. పూజారి గారు అమ్మ తడబడుతున్న కాళ్లు చూసి, "నిదానంగా చూడండమ్మా" అన్నారు. బయటికొచ్చాక అమ్మ నన్నేమీ అడగలేదు. తనే చెప్పింది: స్వామి చేతుల్లో తామర మొగ్గలు, మెడలో ఎర్ర గన్నేరు దండ, దండలో ఒక పువ్వు తిరగబడి ఉందట.

ముక్కనుమ నాడు శ్రీముఖలింగం. ఒకప్పుడు కళింగ గాంగుల రాజధాని. ఇప్పుడు వంశధార ఒడ్డున చిన్న ఊరు. ఇప్పచెట్టులో వెలిసిన స్వామి కాబట్టి మధుకేశ్వరుడు. లింగం వెనక ఉన్న పెద్ద గోలెం కథ అమ్మకి నాన్న చెప్పాడట, కుమ్మరి మొక్కు గురించి. ఆ కథని నాకు మళ్లీ మొదటి నుంచీ చెప్పింది, గర్భగుడి గడప దగ్గరే నిలబడి. వెనక ఎవరూ లేరు, తొయ్యడానికి.

తిరుగు ప్రయాణంలో మాత్రం రైలు జోలికి పోలేదు. పట్నాలకి మళ్లే జనంతో ఆమదాలవలస కిటకిటలాడుతుందని తెలుసు. శ్రీకాకుళం నుంచి రాజాం మీదుగా పల్లెవెలుగు బస్సెక్కాం. చుట్టుదారే గానీ కిటికీ సీటు దొరికింది. రాజాం దాటాక నిద్రపోయిందనుకున్న అమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది, "వచ్చే ఏడు కనుమ ఏ వారం పడుతుందో చూడు."