చేపలు ఎదురీదే రాష్ట్రంలో

అమెరికా మ్యాపులో ఎడమవైపు పైమూలన ఉంటుంది వాషింగ్టన్ రాష్ట్రం. సియాటిల్ లాంటి మహానగరం, నడివేసవిలోనూ మంచు కరగని అగ్నిపర్వతం, ఏటా మూడున్నర మీటర్ల వాన కురిసే అడవి, దుంగలు కొట్టుకొచ్చే సముద్రతీరం, అన్నీ ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. రాజోలు దగ్గరి మా ఊరి నుంచి అమ్మానాన్న వేసవికి డాలస్ వచ్చినప్పుడు, వాళ్ళని ఎక్కడికైనా తీసుకెళ్తే ఇక్కడికే అని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. "ఊళ్ళే చూపిస్తే నాకు విసుగు, అడవులే చూపిస్తే మీ అమ్మకి భయం. రెండూ కలిసేలా చూడమ్మా" అన్నారు నాన్న.

రెండూ కలపడం అనుకున్నంత తేలిక కాదు. మ్యాపులో ఒలింపిక్ నేషనల్ పార్కు చూస్తే, మంచుకొండలు కనిపించే హరికేన్ రిడ్జ్‌కీ, హో వానడవికీ మధ్య ఎంతో దూరం లేదనిపిస్తుంది. కానీ పార్కు నడిబొడ్డులో రోడ్డే లేదు. దాదాపు 9 లక్షల 22 వేల ఎకరాల పార్కుని 101 హైవే చుట్టూ తిరిగి వెళ్తుంది, దాని నుంచి కొమ్మల్లా చిన్న రోడ్లు లోపలికి వెళ్ళి ఆగిపోతాయి. ఆ రిడ్జ్ నుంచి కొండ దిగి పోర్ట్ ఏంజెలెస్ ఊరికి వచ్చి, మళ్ళీ హో అడవికి చేరాలంటే వంద మైళ్ళ పైమాటే. కాబట్టి ఇక్కడ మైళ్ళు లెక్కపెట్టడం కంటే గంటలు లెక్కపెట్టుకోవడం నయం. అందుకే రోజుకో హోటల్ మారే ప్లాన్లన్నీ పక్కన పెట్టేశాం. ఎక్కడ దిగినా కనీసం రెండు రాత్రులు ఉండాలి, వంటగది ఉన్న బస చూసుకోవాలి, కొండ ఎక్కిన మర్నాడు నడక తక్కువ ఉండాలి. అరవై దాటిన వాళ్ళతో వెళ్తున్నప్పుడు ఈ మూడూ ఖాయం చేసుకున్నాకే మిగతావన్నీ చూసుకోవాలి.

జూలై చివర, ఆగస్టు మొదట్లో పెట్టుకున్నాం. అప్పుడు వానలు తక్కువ, రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది, మొదట చెప్పిన ఆ అగ్నిపర్వతం, రైనియర్ కొండ మీద పూలు విచ్చే సమయం. ఆగస్టు ముదిరితే అడవులు అంటుకుని ఊళ్ళ మీదికి పొగ వచ్చే ఏళ్ళూ ఉన్నాయి. పార్కు లోపలి లాడ్జీలు వేసవికి నెలల ముందే నిండిపోతాయి గనక వాటికోసం చలికాలంలోనే ప్రయత్నించాలి. పోర్ట్ ఏంజెలెస్ నుంచి గంటన్నర ఫెర్రీ ఎక్కితే కెనడాలోని విక్టోరియా వస్తుంది. చాలా అందమైన ఊరు. అయితే భారతీయ పాస్‌పోర్టుతో అమెరికా విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళకి కెనడా వీసా విడిగా కావాలి. అమ్మానాన్నకి అది లేదు, ఆ ఊరు వదిలేశాం.

ఇంత ఆలోచించినా ప్లాన్ అతుకుల బొంతలాగే ఉంది. దానికి ఒక దారం దొరికింది నాన్న అడిగిన ప్రశ్నతో. "అక్కడి ఏరుల్లో ఏం చేపలు పడతాయి?"

మా గోదావరిలో అప్పుడు ఎర్రనీరు తగిలే రోజులు. సముద్రంలో ఉండే చేప వరద నీటికి ఎదురీది పులసై పైకొచ్చేదీ, దాని కోసం జనం వేలకు వేలు పోసేదీ అప్పుడే. అవే రోజుల్లో వాషింగ్టన్‌లో సాల్మన్ అనే చేప సముద్రం వదిలి ఏరుల్లోకి ఎదురెక్కుతుంది. అది చెప్పగానే నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని నా లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇక ఏ ఊరు, ఏ ఏరు, ఏ తీరం అన్నవన్నీ ఆ చేప వెళ్ళే దారినిబట్టే సర్దుకున్నాం. మా అమ్మ పాత్రల పెట్టె కూడా ఆ దారినే కదిలింది. చిన్న రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి, వేయించిన మినపసున్ని, పులిహోర పులుసు సీసాలో.

సియాటిల్‌లో ఉన్నన్నాళ్ళూ కారు తీసుకోలేదు. ఎయిర్‌పోర్టు నుంచి రైలు నేరుగా ఊళ్ళోకి వెళ్తుంది. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ఫీజు కట్టే కంటే అది ఎంతో సుఖం. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన స్పేస్ నీడిల్ ఎక్కాం, అప్పుడే వేసిన మోనోరైలూ ఎక్కాం. 1907 నుంచి నడుస్తున్న పైక్ ప్లేస్ మార్కెట్‌లో చేపలు గాల్లో విసురుకునే వాళ్ళని చూశాం. అక్కడి చేపని నాన్న వేలితో నొక్కి చూడబోతే కొట్టతను నవ్వి, మొప్ప ఎత్తి ఎర్రగా ఉందని చూపించాడు. చేప బేరంలో భాష అడ్డం రాదని నాకు అక్కడ తెలిసింది.

నాకు సియాటిల్‌లో అన్నిటికంటే నచ్చింది బల్లార్డ్ లాక్స్. టికెట్ లేదు, ఎక్కువ నడక లేదు. సరస్సు నీళ్ళు ఎత్తులో, సముద్రం పల్లంలో ఉంటాయి. 1917లో తెరిచిన ఈ లాకుల్లో పడవ దూరాక తలుపులు మూసి నీటిమట్టం పెంచుతారు, తగ్గిస్తారు. ధవళేశ్వరం లాకులు చూసిన వాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. కొత్తగా కనిపించేది ఆ పక్కనే ఉన్న చేపల మెట్లు. 21 మెట్లున్న కాంక్రీటు కాలువ అది. దాని గోడకి అద్దాలు బిగించి, కింద చీకటి గదిలో నిలబడి చూసే వీలు కల్పించారు. జూలైలో సాకై అనే రకం, ఆగస్టు వచ్చేసరికి పెద్దదైన చినూక్ ఈ మెట్లు ఎక్కుతాయి.

అద్దానికి జానెడు దూరంలో ఒక చేప ఆగింది. ఆగిందంటే కదలకుండా కాదు. నీటి ఉరవడికి సరిపడా తోక ఆడిస్తూ, ఉన్నచోటే ఉంది. వీపు మీద సీల్ పళ్ళ గాట్లు కాబోలు, తెల్లటి గీతలు. మొప్పలు తెరుచుకున్నప్పుడల్లా లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా విల్లులా వంచి ఒక్క ఊపులో పై గదిలోకి వెళ్ళిపోయింది. నాన్న చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. "మన ఆనకట్టకి ఇలాంటివి సరిగ్గా ఉంటే పులస రాజమండ్రి దాటి ఎంత దూరం పోయేదో" అన్నారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాకే మా కోనసీమ పచ్చబడింది, మా తాతల కడుపులు నిండాయి. ఆ కట్టే చేపకి అడ్డమన్నదీ నిజమే. ఈ రెండు మాటలూ ఒకేసారి మా నాన్న నోట వినడం నాకదే మొదలు.

ఆ తర్వాత కారు తీసుకుని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపానికి ఫెర్రీ ఎక్కాం. ముప్ఫై అయిదు నిమిషాల ప్రయాణం. కారుతో సహా లోపలికి వెళ్ళిపోయి, మెట్లెక్కి పైన కూర్చోవచ్చు. "సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే ఉందండీ, ఎంత పెద్ద పంటో!" అని అమ్మ సంబరపడింది. వెనక్కి చూస్తే నగరం మొత్తం, వాతావరణం బాగుంటే దాని పక్కన రైనియర్ కొండ కూడా కనిపిస్తాయి. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం ఈ ఫెర్రీకి కార్లు బారులు తీరతాయి. మేము వారం మధ్యలో ఉదయం వెళ్ళడంతో టెన్షన్ లేకుండా ఎక్కేశాం.

పోర్ట్ ఏంజెలెస్‌లో మకాం. దాని దగ్గరే ఎల్వా నది. ఆ నది మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి, కరెంటు కోసం రెండు డ్యాములు కట్టారు. చేపలకి దారి వదల్లేదు. ఆ నదీముఖంలో తరతరాలుగా బతికిన లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్ళకి చేపే తిండి, చేపే పండగ. వాళ్ళు దశాబ్దాల పాటు పోరాడారు. 2011లో డ్యాములు కూల్చడం మొదలుపెట్టి 2014కి పూర్తి చేశారు. ఎగువన 70 మైళ్ళకి పైగా నీటిదారి మళ్ళీ చేపలకి దక్కింది. ఇన్నేళ్ళు డ్యాముల వెనక పేరుకున్న ఇసుక, మట్టి కిందికి కదిలి నదీముఖం దగ్గర కొత్త తీరమే ఏర్పడింది.

మాడిసన్ ఫాల్స్ దగ్గర కారు ఆపి ఏటి ఒడ్డున కూర్చున్నాం. జలపాతానికి దారి చిన్నది, తారు వేసి ఉంది, అమ్మ మోకాళ్ళకి ఇబ్బంది లేదు. పులిహోర అక్కడే తిన్నాం. ఏటి నీళ్ళు మంచు కరిగి వచ్చినవి, చేయి పెడితే వేళ్ళు కొంకర్లు పోయాయి. చేపలు మాకు కనిపించలేదు. అయినా నా మటుకు ఈ ప్రయాణంలో ముఖ్యమైన చోటు ఇదే. కట్టడం గొప్ప అని చిన్నప్పటి నుంచి విన్నాను. కట్టినదాన్ని ఆలోచించి, ఖర్చు పెట్టి, జాగ్రత్తగా విప్పడం కూడా అంత గొప్ప పనే అని ఆ ఒడ్డున అనిపించింది. అన్ని ఆనకట్టలూ విప్పమని అనను, మా ఊరు ఆనకట్ట పెంచిన బిడ్డ. కానీ ఏది ఉంచాలో ఏది తీయాలో కూర్చుని తేల్చుకునే ఓపిక ఏ దేశానికైనా ఉండాలి.

హరికేన్ రిడ్జ్ 5,242 అడుగుల ఎత్తు. పైదాకా కారు వెళ్తుంది. అక్కడి డే లాడ్జ్ 2023లో కాలిపోయింది, కాబట్టి నీళ్ళు, తిండి కిందే కొనుక్కుని వెళ్ళాలి. ఎదురుగా మంచు చారల కొండలు, కాళ్ళ దగ్గర భయం లేకుండా మేసే జింకలు. ఒక పూట చాలు.

హో వానడవికి మాత్రం రోజంతా ఇవ్వాలి. వేసవిలో పార్కింగ్ నిండితే గేటు దగ్గరే ఆపేస్తారు, ఒక కారు బయటికొస్తేనే ఇంకోటి లోపలికి. గంటల తరబడి కూర్చోవాల్సి వస్తుంది. ఉదయం ఎనిమిదిలోపే చేరేలా తెల్లవారుజామున లేచాం. క్రెసెంట్ సరస్సు దగ్గర్నుంచి ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి, ఫోర్క్స్ ఊళ్ళో పెట్రోలు నింపుకోవాలి. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్లో రోడ్డు సంగతి చూసుకోవడం మరవద్దు. 2024 డిసెంబరు వరదకి ఈ రోడ్డు కోసుకుపోయి నెలల తరబడి మూసేశారు.

హాల్ ఆఫ్ మాసెస్ అనే బాట మైలు కూడా లేదు. అడుగు పెట్టగానే చప్పుడు తగ్గిపోతుంది. మేపుల్ చెట్ల కొమ్మల నుంచి నాచు మూరెడు పొడవున వేలాడుతుంది. నేను ఎక్కువసేపు చూసింది నేలకూలిన ఒక స్ప్రూస్ మానుని. నా భుజం ఎత్తుంది. దాని మీద పచ్చటి నాచు, ఆ నాచులో వేలెడేసి మొక్కలు వరసగా మొలిచి ఉన్నాయి. అడవి నేల మీద వెలుతురు అందక, చోటు దొరక్క విత్తనాలు బతకవు. పడ్డ మాను మీదైతే బతుకుతాయి. కాస్త ముందుకెళ్తే అలా పెరిగిన మహావృక్షాలు బారుగా, తాడు పట్టి నాటినట్టు నిలబడి ఉన్నాయి. కింది మాను ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. దాన్ని కౌగిలించుకున్న వేళ్ళు మాత్రం గాల్లో కాళ్ళలా మిగిలాయి, మధ్యలో మనిషి దూరేంత ఖాళీ. అడవంటే భయమన్న మా అమ్మ ఆ ఖాళీలోకి వంగి చూసింది. "పడిపోయాక కూడా ఇంతమందిని పెంచిందా" అంది.

సాల్మన్ గుడ్లు పెట్టి చనిపోయాక, ఎలుగుబంట్లు, పక్షులు లాక్కెళ్ళి తినగా మిగిలినది ఒడ్డు చెట్లకి ఎరువవుతుంది. సముద్రంలో పెరిగిన ఒళ్ళు చివరికి చెట్టు మొదట్లోకి చేరుతుంది. మా పులస అలా కాదు, గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికి పోతుంది.

రియాల్టో బీచ్, రూబీ బీచ్ కూడా ఆ వైపే. స్నానాలకి కాదు, చూడటానికి. నీళ్ళు మరీ చల్లన, అలలు కొట్టుకొచ్చే దుంగలు మనిషిని చంపగలవని బోర్డులు పెట్టారు. పోటు, పాటు వేళలు చూసుకునే తీరం వెంట నడవాలి. మా వాళ్ళకి ఇది చెప్పే అవసరం రాలేదు, అమావాస్య పోటు చూసి పెరిగిన వాళ్ళు.

చివరగా రైనియర్. తీరం నుంచి అక్కడికి ఒక పగలంతా పోతుంది. మధ్యలో ఒలింపియా ఊళ్ళో భోజనం చేసి, మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. 14,410 అడుగుల పర్వతం, 1899లోనే నేషనల్ పార్కు అయింది. 5,400 అడుగుల దగ్గరున్న పారడైజ్ దాకా కారులో వెళ్ళొచ్చు. మర్టిల్ ఫాల్స్ దాకా నున్నగా పరిచిన బాట. రెండు పక్కలా నీలం ల్యూపిన్, ఎర్రటి పెయింట్‌బ్రష్ పూలు, వాటి మధ్యే అక్కడక్కడా మిగిలిన మంచు. అమ్మ జీవితంలో మంచు ముట్టుకోవడం అదే మొదటిసారి. గుప్పెట్లోకి తీసుకుని మా ఆయన చేతిలో పెట్టి, "అల్లుడుగారూ, పట్టుకోండి, చెయ్యి మండుతోంది" అంది.

దిగేటప్పుడు నిస్క్వాలీ నది వంతెన మీద నుంచి చూస్తే నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, హిమానీనదం రాళ్ళని నూరిన పిండి అది. ఈ నీళ్ళు సియాటిల్ ముందున్న సముద్రపు పాయలోనే కలుస్తాయని, అక్కడి నుంచీ సాల్మన్ ఇటు వస్తుందని నాన్నే మాకు చెప్పారు, ఎక్కడ చదివారో.

రోజులు తక్కువున్న వాళ్ళు సియాటిల్, బల్లార్డ్ లాక్స్, రైనియర్ చాలనుకోండి. ఒలింపిక్ వైపు పరుగున వెళ్ళి రావద్దు, దానికి వేరే సెలవు దాచుకోండి. మా మటుకు మళ్ళీ వెళ్ళాలి. సోల్ డక్ నదిలో సాల్మన్ క్యాస్కేడ్స్ అని ఒక చోటుంది, శరత్కాలంలో కోహో రకం సాల్మన్లు అక్కడి రాతి జలపాతాన్ని ఎగిరి దాటుతుంటే గట్టు మీద నిలబడి చూడొచ్చట. వానలు మొదలవుతాయి, కొండమీద పూలుండవు, పగలు పొట్టివి. అయినా సరే, ఈసారి దసరా వెళ్ళాక టికెట్లు తీయమని, కెనడా వీసాకి తాను ఊళ్ళో ఉండగానే పెట్టుకుంటానని నాన్న డాలస్ విమానంలోనే తేల్చేశారు.