అమ్మే ఇంటికి రంగు వేసే ముందు నీళ్ల సంగతి చూడండి

ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం అనగానే బంధువులు, బ్రోకరు, పక్కింటివాళ్లు అందరూ చెప్పే మాట ఒకటే, ముందు రంగులు వేయించండి అని. నేను మాత్రం రంగు ఆఖర్న అంటాను. కాకినాడలో నాన్న కట్టించిన డాబా ఇల్లు మొన్నామధ్య అమ్మాం. బయటి పనులన్నీ దగ్గరుండి చేయించాక నాకు గట్టిగా అనిపించింది ఏమిటంటే, కొనేవాళ్లు చూసేది రంగుని కాదు, ఈ గోడల్లోకి నీళ్లు దిగుతున్నాయా లేదా అన్నదాన్ని.

ఇల్లు చూడటానికి ఎవరూ ఒక్కరే రారు. భార్యాభర్తలు, అత్తగారో మామగారో, వాస్తు తెలిసిన బాబాయి, అంతా కారు దిగి ముందు రోడ్డు అవతల నిలబడి పైకి చూస్తారు. సన్‌షేడ్ కింద నల్లటి చారలు, పిట్టగోడ మీద నాచు, పైపు పక్కన మొలిచిన రావి మొక్క, ఇవన్నీ లోపలికి అడుగు పెట్టకముందే కనపడిపోతాయి. తర్వాత వాళ్లలో ఒక పెద్దాయన వచ్చి గోడకి అరచెయ్యి ఆనించి చూస్తాడు. అక్కడే బేరం సగం తేలిపోతుంది.

అందుకే చారలు ఎక్కడ ఉన్నాయో చూసి, వాటికి పైన ఏముందో వెతకాలి. మా ఇంట్లో అయితే ట్యాంకు నిండి పొర్లి వెనక గోడ మీద కారేది, డాబా మీద తూములో ఆకులు అడ్డంపడి వాననీళ్లు నిలిచేవి, సన్‌షేడ్ అంచు కింద నీళ్లు తెగి పడటానికి ఉండాల్సిన గాడి పూడిపోయి నీరంతా గోడ మీదకే వచ్చేది. ఈ మూడూ సరిచేయడానికి అయిన ఖర్చు పెయింటు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. “ముందు రంగు వేసేస్తే కనపడదు కదా మేస్త్రీ గారూ” అని మా బాబాయి అడిగితే, “ఆయ్, కనపడదండి. ఒక్క వాన పడితే మళ్లీ ఉబ్బుద్దండి” అన్నాడాయన.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకో బెడద ఉంది, ఉప్పు గాలి. సన్‌షేడ్ కాంక్రీటు లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బితే పైన కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. దాని మీద పుట్టీ పెట్టి మూసేస్తే కొన్నాళ్లకి ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది, కింద ఎవరైనా నిలబడి ఉంటే ప్రమాదం కూడా. వదులుగా ఉన్నదంతా కొట్టించేసి, ఊచ తుప్పు పూర్తిగా గీకించి, తుప్పు పట్టకుండా పూత వేసి, అప్పుడు మళ్లీ పూడ్పించాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట నాలుగు వారాలైనా ఆరనివ్వకుండా రంగు వేస్తే నిలవదు. గోడ మీద తెల్లగా ఉప్పు తేలితే నీళ్లతో కడగకుండా ముందు పొడి బ్రష్‌తో రాలగొట్టాలి, నీళ్లు కొడితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. రావి మొక్కని పైపైన కోస్తే ఊరుకోదు, వేరు ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా ప్లాస్టరింగ్ తీసి లాగాలి. మా అమ్మ దాన్ని కొట్టించడానికి ఒప్పుకోలేదు, వేరుతో సహా తీయించి గుడి ఆవరణలో నాటించింది.

రోడ్డు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే పాత ఇళ్లన్నిటికీ ఇదే టెన్షన్. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ దాని ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం పల్లంలో ఉండిపోతుంది. కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, “వానకి నీళ్లు లోపలికి వస్తాయా?” గేటు దగ్గర ఎత్తు పెంచి, ప్రహరీ లోపల నేల వాలు సరిచేసి, నీళ్లు కాలవలోకి పోయేలా పైపు పెట్టించవచ్చు. వాలు పెంచుతూ ముందున్న మున్సిపల్ కాలవని మూసెయ్యకండి, వీధంతా ఇబ్బంది పడుతుంది. ఇంత చేసినా పెద్ద తుపానుకి నీళ్లు వస్తాయంటే, వస్తాయనే చెప్పండి. మేము చెప్పాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం మనకి తెలిస్తే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే. చట్టం సంగతి అలా ఉంచినా, జీవితకాలం కూడబెట్టిన డబ్బు పెట్టి కొనుక్కునే కుటుంబానికి చెమ్మ గోడ దాచి అంటగట్టడం నాకు మనస్కరించదు.

ఇక రంగు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, అప్పుడు గోడలు ఆరవు. సంక్రాంతి ముందు పెయింటర్లు దొరకరు. పండగ వెళ్లాక గోడలు ఆరి ఉంటాయి, మనుషులూ తీరిగ్గా పని చేస్తారు. పాత సున్నం, సిమెంటు రంగు పొడిలా రాలుతుంటే పూర్తిగా గీకించి ప్రైమర్ కొట్టించాలి, ఈ గీకుడు దగ్గరే చాలామంది తొందరపెడతారు. రంగు మాత్రం లేత క్రీమో, తెలుపుకి దగ్గరదో చాలు. కొన్నవాళ్లు గృహప్రవేశానికి ఎలాగూ తమకి నచ్చిన రంగు వేసుకుంటారు కాబట్టి, ఖరీదైన ఎలివేషన్ టైల్స్, డిజైన్లు వద్దంటాను.

మిగిలిన డబ్బు గేటుకి పెట్టండి. కొనేవాళ్ల చెయ్యి మొదట పడేది దాని మీదే. కింద తుప్పు తిన్న రేకు మార్పించి, తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ పూత మీద ఎనామిల్ రంగు వేయించి, కీలుకి నూనె రాస్తే కిర్రుమనకుండా తెరుచుకుంటుంది. గుమ్మానికి కొత్త పసుపు, వాకిట్లో ముగ్గు, తులసి కోట చుట్టూ శుభ్రం, ఎండిపోయిన పాత దిష్టి గుమ్మడికాయ ఉంటే తీసెయ్యడం, వీటికి ఖర్చేం లేదు. మందార, కరివేపాకు చెట్లని కొట్టించకండి, కిటికీకి అడ్డొచ్చిన కొమ్మలు తీస్తే సరిపోతుంది. మా ఇల్లు కొన్నావిడ కరివేపాకు చెట్టు చూసి ఎంత సంబరపడిందో.

ఫోటోలు అన్నీ అయ్యాకే తీయండి. తూర్పు ముఖం ఇల్లయితే ఉదయం, పడమర అయితే సాయంత్రం ఎండ ముందు గోడ మీద పడుతుంది. ముందున్న బైకులు, ఆరేసిన బట్టలు పక్కకి తీసి, రోడ్డు అవతల నుంచి ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. కాలవ, గేటు ముందు వాలు కూడా ఫోటోలో పడనివ్వండి, దూరం నుంచి వచ్చేవాళ్లు ముందే చూసుకుని వస్తారు.